మా పెద్దత్తకు ఇంగ్లీషుల పేరు

"నోరు మూస్తవా లేదా అత్తమ్మా? మనిషి అక్కడ దవాఖాన్ల పడి ఉంటె ఇంట్ల కూసోని శోకాలు తీస్తున్నవా?"

"నేనేం శోకం తీసిన? చాటల బియ్యం ఏరుతున్న. చెవులతోని పాటు కండ్లు గుడ పొయినయా నీకు?"

"నా చెవులకేం కాలే. గల్లీ గల్లీ ఇంటున్నది. దర్వాజకు వంగని కొడుకా, దర్వాజకు వంగని కొడుకా అనుకుంట గంట సేపటి నుంచి నడుస్తున్నది. ఈ ఇంట్ల దర్వాజకు వంగని కొడుకు ఇంకెవడున్నడు, చెప్పు."

గట్ల అడిగింది నా కోడలు. నా కొడుకు పొడుగు మనిషి, వాళ్ల నాయిన లెక్క. గౌలిపురల మా ఇల్లు పాతది, దర్వాజలు పొట్టివి, పొద్దుగాల లేస్తె వాని నొసలు ఎక్కడ్నో ఒక్కకాడ చెక్కకు తాకాల్సిందే. వానికి డెంగీ జెరమొచ్చి సంతోష్‌నగర్ దిక్కు ఒక దవాఖాన్ల పడి ఉన్నడు. రక్తంల కణాలు పడిపోతున్నయని డాక్టర్లు చెప్పిండ్రు. కోడలు తన తమ్ముణ్ని వాని దగ్గర కూసోబెట్టి, తానం చేసి, రాత్రికి బువ్వ వండి కట్టుకపోదామని ఇంటికొచ్చింది. వచ్చేసరికి నేను గా మాట పాడుతున్ననట. నిజం చెప్తున్న, నేను పాడుతున్నట్టు నాకే తెల్వది. చాటల రాళ్లు ఎన్ని ఉన్నయో చూసుకుంట, కిరాణంవాడు ఈసారి గుడ మోసం చేసిండని మనసుల తిట్టుకుంట ఉన్న. నోరు దాని పని అది చేసుకుంటున్నది.

గప్పుడు మా మనుమరాలు, డిగ్రీ చదివే పిల్ల, ఫోన్లకెళ్లి తల ఎత్తకుంటనే అన్నది: "మమ్మీ, నానమ్మ అచ్చం బ్యాన్షీ లెక్కున్నది." కోడలు దానికి గుడ రెండు తగిలిచ్చింది. "మీ డాడీకి నయమైన తర్వాత ఇంగ్లీషు మాట్లాడు" అని. ఇగ నా దిక్కు తిరిగి, ఆయన ఇంటికొచ్చేదాక నువ్వు నీ బిడ్డ ఇంటికి పో అత్తమ్మా, నీకు దండం పెడ్త, ఈ ఇంట్ల ఆ రాగం మల్ల వినబడొద్దు అన్నది. కోపం కాదది. భయం. రేపు పొద్దుగాలనే పోత అన్న. నాకు రెండు చీరెలు సంచిల పెట్టుకునుడు ఎంతసేపు.

కోడలు తానానికి పోయినంక పిల్లను అడిగిన, నన్నేమన్నవే అని. అది నవ్వింది, తిట్టు కాదు నానమ్మా అన్నది. తిట్టే అయినా అర్థం తెల్వకుంట ఊకె తిట్టించుకునుడు నాకు నచ్చదు. పైసలు పెట్టి కొన్న సామాను లెక్క, మాట గుడ దేనికి పనికొస్తదో తెలుసుకోవాలె. అది ఫోన్ల చదివి చెప్పింది. సముద్రాల అవుతల ఏదో చిన్న దేశమట. అక్కడ పాత వంశాలకు ఒక్కొక్క ఆడామె తగులుకోని ఉంటదట. అందరికి ఉండదట, తరతరాల నుంచి ఉన్న ఇండ్లకే ఉంటదట. అంటె గదొక గొప్పతనం గుడ అన్నట్టు. జుట్టు ఇరబోసుకోని, బూడిద రంగు బట్ట కప్పుకోని, ఏడ్చి ఏడ్చి కండ్లు ఎర్రగ చేసుకోని, ఆ ఇంట్ల ఎవరన్న పొయ్యే ముందర గోడ అవుతల నిలబడి రాగం తీస్తదట. ఆమె మొకం చూసినోళ్లు తక్కువ, గొంతు విన్నోళ్లే ఎక్కువ.

"మరి ఇప్పుడు గుడ ఉన్నదా ఆమె?" అని అడిగిన. లేదు నానమ్మా, ఇప్పుడు పేరొక్కటే ఉన్నది అన్నది. పిల్ల గాలిబుగ్గ కోసం మొత్తుకుంటె బ్యాన్షీ లెక్క ఏడ్చిందంటరట. బస్సు బిరేకు కీసుమంటె గుడ గదే మాట. ఇల్లుగలామె గట్టిగ ఒర్లితె గుడ గదే మాట. నాకు మనసుల పట్టలే. గంత పెద్ద మనిషిని తీస్కపోయి బస్సు బిరేకుకు కట్టేసిండ్రు. నేను మూడో తరగతి దాకనే బడికి పోయిన, ఇంగ్లీషు నాకు రాదు. కని వాడి వాడి గిన్నె కళాయి పోతె లోపల ఇత్తడి ఎట్ల బయటపడ్తదో నాకు తెలుసు. గా మాటకు గుడ గట్లనే అయింది అనుకున్న. ఒక్కటి మాత్రం మల్ల అడిగిన. ఆమె ఏడుస్తె మనిషి పోతడా, మనిషి పోతడని ఆమె ఏడుస్తదా?

"ఆమె చంపదు నానమ్మా. చెప్తదంతె. ముందుగాల ఆమెకు తెలుస్తది."

చాట కింద పెట్టిన. గీ ఒక్క మాట నాకు యాభై ఏండ్ల కింద ఎవరన్న చెప్తె ఎంత బాగుండు. ఎందుకంటె ఆమె మా ఇంట్ల ఉండె. బూడిద రంగు బట్ట గుడ నిజమే, పిడకల పొయ్యి ముందర కూసుంటె ఏ చీరె అయినా గదే రంగుకొస్తది.

నేను లాల్‌దర్వాజ నుంచి గౌలిపురకు కోడలుగ వచ్చిన. దూరం ఎంతో లేదు, నడిచి పోవచ్చు, అయినా మా అమ్మ దేశం దాటుతున్నట్టు ఏడ్చింది. ఈ ఇంట్ల అప్పుడు బర్రెలుండె. ఇప్పుడు స్కూటర్లు పెట్టుకునే జాగ గప్పుడు కొట్టం. కొట్టం గోడ నిండ పిడకలు, ప్రతి పిడక మీద అయిదు వేళ్ల గుర్తు. ఆ వేళ్లు మా పెద్దత్తయి. అంటె మా అత్తకు సొంత అక్క. చిన్నప్పుడే మొగడు పోయి, పిల్లలు లేక, చెల్లె ఇంట్లనే ఉండిపోయింది. బక్కది, మాట తక్కువ. తిన్న పల్లెం ఆమె కడిగితె కడిగిన నీళ్లు గుడ బర్రె కుడితిల పోసేది. పొదుపు నేను ఆమె దగ్గర్నే నేర్చుకున్న. ఇప్పుడు నన్ను పిసినారి అంటరు, ఆమెను చూసింటె నన్ను దానకర్ణురాలు అందురు.

గల్లీల ఎవరన్న పోతె మొదలు పెద్దత్తకు కబురొచ్చేది. ఆడోళ్లంత పీనుగ సుట్టు కూసున్నా, మెడలు పట్టుకోని ఏడ్సినా, ఆమె వచ్చి రాగం ఎత్తేదాక అది ఏడుపు కింద లెక్క కాకపొయ్యేది. ఆమె పోయి కాళ్ల దగ్గర కూసోని, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, చిన్నగ మొదలు పెట్టేది. ఆ మనిషి ఎట్ల నడిచెటోడు, ఏం తినెటోడు, ఎవల్ని ఏమని పిలిచెటోడు, అన్ని మాటలు ఆమె నోట్లకెళ్లి ఒకదాని ఎనుక ఒకటి వస్తుండె. అప్పటిదాక ఊకె కూసున్న కోడండ్లు గుడ వలవల ఏడ్సెటోళ్లు. పేరు మాత్రం ఎత్తకపొయ్యేది. పేరు చెప్పకుంటనే ఫలానా మనిషి అని తెలవాలె, గదీ ఆమె పనితనం.

అంత వరకైతె బాగనే ఉండు. కని ఆమె పీనుగ లేసినప్పుడే కాదు, పిడకలు కొట్టుకుంట గుడ గట్లనే పాడేది. లోగొంతుతోని, పెదవులు కదిలి కదలనట్టు. ఒకసారి "చెయ్యి నొప్పించక గాజెక్కిచ్చిన అన్నా" అని పాడుతుంటె విన్న. మా గల్లీకి గాజులు తెచ్చే ముసలాయన ఒక్కడే గట్ల ఎక్కిస్తడు, మిగతోళ్లంత చెయ్యి ఇరుస్తరు. మల్లొచ్చే వారం ఆయన రాలే. తర్వాత ఇంకెవరో కొత్తాయన గాజుల పెట్టె పట్టుకోని వచ్చి, ముసలాయన పోయిండని చెప్పిండు. ఇంకోసారి ఎదురింటి తాత మీద పాడింది, ఆయన గుడ ఆ చలికాలం దాటలే. ఇగ గల్లీ మొత్తం గదే మాటయింది. జెరమొచ్చినోళ్లు కిటికీలు మూసుకునుడు షురూ చేసిండ్రు. పాలకు వచ్చేటోళ్లు కొట్టం దిక్కు చూడకుంట చెంబు జాపెటోళ్లు. ఒక్క మనిషి మాత్రం భయపడలే, వెనక గల్లీల ఉండే సాయబులామె, అందరం ఖాలా అనెటోళ్లం. ఆమె పాలు పోయించుకుంట ఒకరోజు, "మా దాంట్ల గిట్ల ఏడ్వొద్దంటరు బెహన్. అయినా నాది గుడ ఒకటి చేసి నీ నోట్లనే పెట్టుకో" అన్నది. పెద్దత్త ఆమె మీద గుడ పాడింది, నేను విన్న. ఖాలా పెద్దత్త పోయినంక గుడ ఎన్నో ఏండ్లు బతికింది, మనుమండ్ల పెండ్లిళ్లు చేసింది. కని గదెవరు గుర్తు పెట్టుకుంటరు? పోయినోళ్లను లెక్క పెడ్తరు గని పాడించుకోని బతికినోళ్లను ఎవరు లెక్క పెట్టలే.

నేను గుడ మనసుల అట్లనే అనుకోని ధైర్యం చెప్పుకునేదాన్ని. కని ఒక్క సంగతికి నాకు జవాబు దొరుకకపొయ్యేది. ఆమె రాగం ఎత్తంగనే బర్రెలు నెమరేసుడు బందు చేసేటివి. కొట్టంల ఎప్పుడు ఆ దవడల చప్పుడు ఉంటది, నీళ్ల కుండల చెయ్యి పెట్టినట్టు, గది సంసారం చప్పుడు. ఆమె పెదవి కదలంగనే గదంత ఆగేది. బర్రెలన్ని మెడలు నిక్కబొడిచి ఒకే దిక్కు చూసేటివి. ఆ దిక్కు ఏం లేకుండె, గోడ తప్ప.

నాకు పెండ్లయిన మూడో ఏడో నాలుగో ఏడో, మా ఇంటాయనకు కామెర్లయినయి. కండ్లు, గోర్లు, చెమట గుడ పచ్చగయింది. పసరు పోయించినం, దవాఖానకు పోయినం, మాంకాళమ్మకు మొక్కుకున్నం. ఏం తిన్నా కడుపుల నిలవకపొయ్యేది. పొడుగు మనిషి మంచంల సగమై పోయిండు. ఒకరోజు పగటి పూట నేను గంజి తీసుకోని వాకిట్లకొచ్చిన. బర్రెల చప్పుడు లేదు. గప్పుడు వినబడ్డది:

"దర్వాజకు వంగని కొడుకా, నొసలు తాకి నవ్వేటి కొడుకా..."

గంజి గిన్నె ఎక్కడ పడేసిన్నో తెల్వది. గిన్నె పడేసుడు నా జన్మల గదొక్కసారే. కొట్టంలకు పోయి ఆమె చెయ్యి పట్టి లేపిన. పేడ చెయ్యి నా చేతికి అంటింది. ఆమెనన్న ఉండాలె, నేనన్న ఉండాలె అని మా అత్తతోని కొట్లాడిన. నా మొగన్ని ఎత్తుకోని లాల్‌దర్వాజకు పోత అన్న. మా అత్త అటు అక్కను అనలేక, ఇటు నన్ను ఆపలేక తల కొట్టుకున్నది. ఇప్పుడు నన్నడిగినా గదే చేస్త. ఇరవై ఏండ్ల పిల్లకు మొగని పానం కన్న పెద్దది ఏముంటది? పెద్దత్త మాత్రం గుంజుకోలే, ఏడ్వలే. నేను చెయ్యి ఇడిసినంక మెల్లగ చెప్పింది.

"తెల్లగుడ్డ కప్పినంక అందరొక్క తీరే ఉంటరే పిల్లా. మనిషి తిరుగుతున్నప్పుడే వాని ఆనవాలు పట్టి పెట్టుకోవాలె. నాకు అందరివి ఉన్నయి. నీది గుడ ఉన్నది."

నాది గుడ ఉన్నదంటె అది బెదిరింపు అనుకున్న. ఇప్పుడు బియ్యం డబ్బా సగం కాకముందే నింపి పెట్టుకునే వయసుకొచ్చినంక అర్థమైతున్నది, గదొక పొదుపు. రేపు కావాల్సింది ఇయ్యాల్నే కూడబెట్టుకునుడు. కని గప్పుడు నాకేం తెలుసు. ఇంట్లకు రావొద్దన్న. ఆమె కొట్టంలనే ఒక మూలకు చాప పరుచుకున్నది. నేను పెట్టిన బువ్వ తిన్నది, రాగం మాత్రం మల్ల తియ్యలే. కొన్ని దినాలకు మా ఇంటాయన కండ్లు తెలుపుకొచ్చినయి. మొదటిసారి లేసి నడిచిండు, ఠక్కుమని దర్వాజకు నొసలు తాకింది. మా అత్త సంతోషంల ఏడ్చింది.

ఆ పొద్దూకాల్నే పెద్దత్త నన్ను పిలిచి దూడను పట్టుకొమ్మన్నది. పాలు పిండుకుంట లోగొంతుతోని ఏదో ఎత్తింది. నేను ఉలిక్కిపడ్డ. "నీ మొగనిది కాదు, ఇను" అన్నది. "గోడ నిండ చెయ్యి పెట్టిన తల్లీ, గోడ ఇడిసి పోతున్న తల్లీ, పొయ్యిల కాలేది నీ చెయ్యే తల్లీ..." ఇంక చాన ఉండె. మా అత్త మీద కట్టింది కావచ్చు అనుకున్న. నా చేతుల దూడ గుడ కదలలే. రాగం అయిపోయినంక మల్ల ఒకసారి మొదట్నుంచి పాడింది, బడిల పంతులు రెండుసార్లు చెప్పినట్టు. తెల్లారి పాలకు లేవలే. చాప మీద గోడ దిక్కు తిరిగి పడుకున్నది పడుకున్నట్టే ఉన్నది.

గల్లీ ఆడోళ్లంత వచ్చిండ్రు. కూసున్నరు. ఎవరు నోరిప్పలే. ఎప్పుడు రాగం ఎత్తే మనిషే పండుకోని ఉంటె ఇగ ఎవరెత్తుతరు? అంతమంది ఆడోళ్లు పీనుగ సుట్టు మాట లేకుండ కూసునుడు నేను మల్ల చూడలే. ఈగల చప్పుడు వినబడ్డది. గప్పుడు నా నోరు దానంతట అదే తెరుసుకున్నది. గోడ నిండ చెయ్యి పెట్టిన తల్లీ అని వచ్చింది. మొత్తం వచ్చింది, ఒక్క మాట తప్పిపోలే. అందరు గోడ దిక్కు చూసి, పిడకల మీద ఆ వేళ్లు చూసి, ఒక్కసారి భగ్గుమని ఏడ్చిండ్రు. కొట్టం దిక్కు నేను చూడలే. చూడనక్కర లేకుండె. దవడల చప్పుడు ఆగిపోయింది. మా ఇంటాయన చావును ఆమె మీదేసుకోని పోయిందని గల్లీల చెప్పుకున్నరు. నేను అవునని అనలే, కాదని గుడ అనలే. ఆ దినం నుంచి గల్లీల ఎవరన్న పోతె నాకు కబురొస్తది. పీనుగ కాడ తప్ప నేను ఎన్నడు నోరిప్పలే, ఇప్పటిదాక.

గిదంత మనుమరాలికి చెప్పిన. ఫోన్ పక్కకు పెట్టి విన్నది, గదే పెద్ద సంగతి. అంతా అయినంక అడిగింది, "మరి పొద్దున డాడీ మీద ఎందుకు పాడినవ్ నానమ్మా? నీకేమన్న తెలిసిందా?" గదే నా భయం గుడ. ఆ పాట వాళ్ల తాతకు కట్టింది. ఆయన పోయిననాడు నేను గది పాడనే లేదు, నోరు రాలే. ఇన్నేండ్లు లోపల మడతపెట్టి ఉన్న బట్ట ఇయ్యాల ఎందుకు బయటికొచ్చింది? నా నోటికి ఏమన్న తెలిసిందా, లేకపోతె వాని మీద ఫికర్ల నోరు పాత దారి పట్టిందా, నాకు తెల్వది. తెల్వదన్న మాటే దానికి చెప్పిన.

దీపం పెట్టే యాళ్ల అయింది. కోడలు వంటింట్ల డబ్బాలు సర్దుతున్నది, దవాఖానకు తీస్కపోనీకె. పొద్దున్నుంచి నాతోని మాట లేదు. నేను చాట మల్ల ముందరేసుకున్న. మనుమరాలిని పక్కన కూసోమన్న, ఇను అన్న. నా మీద నేను పాడుకున్న. ఇదివరకు కట్టింది కాదు, అప్పటికప్పుడు వచ్చింది.

"గింజ నేల పోనియ్యని తల్లీ, రాయేరి రాయేరి అలసిన తల్లీ, చాట ఇడిసి లేస్తున్న తల్లీ..."

ఎందుకు పాడిన్నో అడిగితె ఏం చెప్త. ఒక రాగం లేచింది, అది ఎవరో ఒకరి మీద దిగాలె కదా అనుకున్న కావచ్చు. వయసు చూసుకుంటె వంతు నాది. పాడుతుంటె కిటికి మీది పావురాలు గుర్రుమనుడు బందు చేసినయి. ఈ పావురాలు పొద్దు మాపు పానం తీస్తయి, వాటిని కొట్టి కొట్టి నా చెయ్యి పోయింది. అవన్ని మెడలు నిక్కబొడిచి గోడ దిక్కు చూస్తున్నయి. మనుమరాలు గుడ చూసింది. నా కొంగు పట్టుకున్నది, చిన్నప్పటి లెక్క. రెండోసారి పాడిన, మొదట్నుంచి. కోడలు డబ్బాల సంచి పట్టుకోని దర్వాజల నిలబడి ఉన్నది. ఎంతసేపటి నుంచి నిలబడ్డదో. చెప్పులేసుకోని పోయింది.

తెల్లారి నేను లేచిన. గది మొదలు చెప్పాలె. లేచి, కాళ్లు చేతులు ఉన్నయో లేవో చూసుకున్న, ఉన్నయి. పొయ్యి ముట్టించిన, నిన్నటి చాయపత్తి ఇంక పనికొస్తదని దాంట్లనే నీళ్లు పోసిన. సంచిల చీరెలు పెట్టుకోని దర్వాజ కాడ కూసున్న. ఆటోల కోడలు దిగింది. కణాలు పెరుగుతున్నయట, రాత్రి జెరం రాలేదట, బువ్వ అడిగిండట. గిదంత నాకు చెప్పలే, బిడ్డకు చెప్పినట్టు చెప్పింది, నాకు వినబడేటట్టు. ఇంట్లకు పోయెటప్పుడు నా సంచి తీస్కపోయి లోపల గోడ మొలకు తగిలేసింది. నేను చాయ గిలాసల పోసుకున్న.

కోడలు వంటింట్ల కూసోని జావకు బియ్యం ఏరుతున్నది. నేను ఏరి పెట్టిన బియ్యమే, అయినా మల్ల ఏరుతున్నది, నా మీద దానికి నమ్మకం లేదు. చాట ఆడే చప్పుడు, కుక్కరు చప్పుడు, బయట పావురాల గుర్రు. మెల్లగ పావురాల చప్పుడు ఆగింది. నేను తలెత్తి చూసిన. కోడలు తల వంచుకోని రాళ్లు ఏరుకుంటనే ఉన్నది, పెదవులు కదిలి కదలనట్టు కదులుతున్నయి.

"గింజ నేల పోనియ్యని తల్లీ..."

దానికి తెల్వది పాడుతున్నట్టు. యాభై ఏండ్లు ఏడికి పోలే, ఈ ఇంట్లనే ఒక నోట్లకెళ్లి ఇంకో నోట్లకు నడుస్తున్నయి. నేను పిలువలే. చాయ సల్లారకముందే తాగిన.